పొద్దున్నే పలుచని రాగి అంబలి: ఎండలోకి వెళ్లే ముందు ఒంటికి నీరు పట్టించే పద్ధతి

రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఆ ఎండ చూడడానికి రోహిణి దాకా ఆగనక్కరలేదు. ఏప్రిల్ సగానికే పొద్దున ఎనిమిది గంటల ఎండ వీపు మీద చుర్రుమంటుంది. అయితే ఒంట్లో నీరు తగ్గడం ఆ ఎండతో మొదలు కాదు. రాత్రంతా ఊపిరితోనూ చర్మం మీదుగానూ నీరు పోతూనే ఉంటుంది. ఉక్కపోతలో పడుకున్నవారికి ఆ నష్టం ఇంకా ఎక్కువ. నిద్ర లేవగానే మూత్రం ముదురు పసుపు రంగులో ఉంటే అర్థం అదే. ఆ లోటుతోనే ఎడగారు వరి నాట్లకో, ఉపాధి హామీ పనికో, చీమకుర్తి గ్రానైట్ క్వారీకో, ఇస్కపల్లి ఉప్పు కొఠారుకో, రొయ్యల చెరువు గట్టుకో బయలుదేరితే పదిన్నరకే తల దిమ్మెక్కుతుంది.

ఆ లోటు తీర్చడానికి మన ఇళ్లలో ఎప్పటి నుంచో ఉన్న పానీయం పలుచని రాగి అంబలి. ఇప్పుడు చాలా ఇళ్లలో దాని స్థానంలో పాలు, బెల్లం, జీడిపప్పు వేసిన చిక్కని రాగి జావ వచ్చింది. బలానికి ఆ జావ మంచిదే, పిల్లలకు ఇంకా మంచిది. దాహానికి మాత్రం పనికిరాదు. అంబలిని అంబలిగా నిలబెట్టేవి మూడు: నీళ్లలా జారే పలుచదనం, పులుపు, లెక్కగా వేసిన ఉప్పు. ఈ మూడింటిలో ఏది తప్పినా తాగేది వేరే వంటకం అవుతుంది. అందుకే కింద కొలతలు కాస్త పట్టుబట్టి చెబుతున్నాను.

కడుపులో జరిగేది

చిన్నపేగు గోడలో సోడియాన్నీ గ్లూకోజునూ జంటగా లోపలికి తీసుకునే ఏర్పాటు ఉంది. ఆ రెండూ కలిసి వెళ్లినప్పుడు నీరు వాటి వెంట వెళుతుంది. ఓఆర్ఎస్ పొట్లం పనిచేసేది ఈ సూత్రం మీదే. 1971లో శరణార్థులతో కిక్కిరిసిన పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్‌లో కలరా ప్రబలింది. సెలైన్ సీసాలు చాలని పరిస్థితి. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని రోగులకు తాగించి ఎందరినో బతికించారు. 2023లో ఆయనకు మరణానంతరం పద్మవిభూషణ్ ప్రకటించారు. ఆ తర్వాత గ్లూకోజుకు బదులు ఉడికించిన బియ్యపు పిండితో చేసిన ఓఆర్ఎస్ కూడా కలరా రోగులకు బాగా పనిచేసింది. ఉడికిన పిండి పేగులో కొద్దికొద్దిగా గ్లూకోజుగా విడిపోతుంది, ఉప్పు పక్కనే ఉంటుంది, నీరు లోపలికి సాగుతుంది. ఉప్పేసిన గంజి, అంబలి మనకు అక్కరకొచ్చేది ఈ కారణంగానే.

తీపి ఎక్కువైన నీళ్లు ఇందుకు భిన్నంగా నడుస్తాయి. కడుపులోకి వెళ్లిన ద్రవం రక్తం కన్నా బాగా గాఢంగా ఉంటే, పేగు మొదట ఒంట్లోని నీటినే తన వైపు లాక్కుంటుంది. చిక్కటి పానకం, సీసాల్లో అమ్మే కూల్‌డ్రింకులు తాగిన కాసేపటికే మళ్లీ నాలుక పిడచకట్టుకుపోవడం చాలామందికి అనుభవమే.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. అంబలి ఓఆర్ఎస్ కాదు. విరేచనాలు, వాంతులు పట్టుకున్నవారికి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారైన ఓఆర్ఎస్ పొట్లమే కలిపి ఇవ్వాలి. పొట్లం దొరికేలోపు లీటరు మంచినీటిలో ఆరు చదును టీస్పూన్ల పంచదార, అర చదును టీస్పూను ఉప్పు కరిగించి కొద్దికొద్దిగా తాగించవచ్చు. అంబలి ఆరోగ్యంగా ఉన్న మనిషి రోజూ తాగే పానీయం.

నలుగురికి కావలసినవి

రాగి పిండి నాలుగు పెద్ద చెంచాలు, అంటే సుమారు 40 గ్రాములు. పిండి నానబెట్టడానికి 200 మిల్లీలీటర్ల నీళ్లు, ఉడికించడానికి 600, చివర్లో కలపడానికి 400. పుల్లని పెరుగు చిన్న కప్పు, 150 మిల్లీలీటర్లు. దాన్ని చిలకడానికి 300 మిల్లీలీటర్ల నీళ్లు. ఉప్పు పావు నుంచి అర చదును టీస్పూను, ఎవరికి ఎంతో తర్వాత చెబుతాను. పైన వేసుకోవడానికి చిన్న ఉల్లిపాయలు, కరివేపాకు, దంచిన జీలకర్ర, ఇష్టమైతే అల్లం, పచ్చిమిర్చి. ఇవి ఉంటే రుచి, లేకపోయినా అంబలికి లోటు లేదు.

అన్నీ కలిస్తే లీటరున్నర దాటుతుంది. మనిషికి ఒక పెద్ద గ్లాసు, 350 మిల్లీలీటర్ల పైన వస్తుంది. ఆ గ్లాసులో ఒక్కొక్కరికి పడే రాగి పిండి పది గ్రాములే. రాగుల్లో కాల్షియం 100 గ్రాములకు 350 మిల్లీగ్రాముల వరకూ ఉంటుంది. అది నిజంగా గొప్ప సంఖ్యే. కానీ పది గ్రాముల పిండితో వచ్చేది 35 మిల్లీగ్రాములు. అంబలి తాగుతున్నాం కదా అని పాలు, ఆకుకూరలు మానేయకూడదు. టిఫిన్ కూడా మానేయకూడదు. ఈ గ్లాసు మనకు ఇచ్చేది నీరు. మిగతాది భోజనం ఇవ్వాలి.

పిండి సంగతి

కొట్లో కొన్న పిండితో చేసుకోవచ్చు. కానీ రాగులు కొని ఇంట్లో శుభ్రం చేసి మరపట్టిస్తే వచ్చే వాసన వేరు. చేటలో చెరిగి, నీళ్లలో రెండుసార్లు గాలించి, ఇసుక అడుగున దిగిపోయాక పైనున్న గింజలను మాత్రం తీసి పలుచగా ఎండలో ఆరబెట్టాలి. రాగి గింజ చిన్నది, ఇసుక రేణువుతో ఇట్టే కలిసిపోతుంది. గాలించడంలో బద్ధకిస్తే ప్రతి గుక్కలోనూ పంటి కింద తెలుస్తుంది. పిండి మరకు వెళ్లినప్పుడు మీ ముందు ఎవరైనా కారం పట్టించారేమో అడగండి. పట్టించి ఉంటే, బియ్యమో గోధుమలో పట్టించుకునేవారిని ముందు వెళ్లనిచ్చి ఆ తర్వాత మీ రాగులు పోయించండి.

ఇంకాస్త ఓపిక ఉన్నవారికి మొలకెత్తించిన రాగుల పిండి ఉత్తమం. గింజలను రాత్రంతా నానబెట్టి, నీళ్లు వంచి, తడిగుడ్డలో మూటకట్టి ఒక పగలు, ఒక రాత్రి ఉంచితే తెల్లని మొలక వస్తుంది. బాగా ఆరబెట్టి, సన్న సెగ మీద వాసన వచ్చేదాకా మాత్రమే వేయించి పట్టించాలి. మొలకెత్తేటప్పుడు గింజలో పుట్టే ఎంజైములు పిండిపదార్థాన్ని ముక్కలు చేస్తాయి. దానివల్ల అంతే పిండితో అంబలి మరింత పలుచగా దిగుతుంది. మనకు కావలసింది సరిగ్గా అదే. మూట విప్పినప్పుడు బూజు కనిపించినా, ముక్కిన వాసన వచ్చినా ఆ గింజలు పారేయాలి. కడిగి వాడుకుందామని చూడవద్దు.

సముద్రం దగ్గరి ఊళ్లలో పిండి తేమకు త్వరగా పాడవుతుంది. ఒక్కసారే నెలల తరబడికి పట్టించకుండా నెలకు సరిపడా పట్టించి, గట్టి మూత ఉన్న డబ్బాలో పెట్టుకోండి.

రాత్రి: పిండి పులియబెట్టడం

భోజనాలు అయ్యాక, ఎనిమిది తొమ్మిది గంటల మధ్య, రాగి పిండిని మట్టి ముంతలోనో స్టీలు గిన్నెలోనో వేసి 200 మిల్లీలీటర్ల నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ ఉండలు లేకుండా కలపండి. పులుపు తగిలే పదార్థం కాబట్టి అల్యూమినియం గిన్నెలు, కళాయి లేని ఇత్తడి పాత్రలు వద్దు. నిన్నటి పులిసిన పిండి ఒక చెంచా దాచి ఉంటే ఇందులో కలపండి. లేకపోతే ఒక చెంచా పుల్లని మజ్జిగ చాలు. పలుచని గుడ్డ కట్టి వంటింట్లో ఒక మూల పెట్టండి. ముంతలో సగం పైన ఖాళీ ఉండాలి, పిండి పొంగుతుంది.

వేసవిలో మన ప్రాంతపు వేడికి ఎనిమిది గంటల్లో పులుస్తుంది. డిసెంబరు, జనవరిలో పన్నెండు గంటలు పట్టవచ్చు. పొద్దున గుడ్డ తీసినప్పుడు పైన తేట నీరు తేరుకుని, సన్నని బుడగలు కనిపించాలి. వాసన పుల్లగా, మజ్జిగలా ఉండాలి. మా అవ్వ పిండిని నోట్లో వేసుకుని చూసేది కాదు, ముంత ముక్కు దగ్గర పెట్టుకుని చెప్పేసేది. అది మంచి అలవాటు. కుళ్లు వాసన, గులాబీ లేదా నలుపు రంగు మచ్చలు, జిగురు తీగలు కనిపిస్తే మొత్తం పారబోయాలి.

పులియబెట్టడం రుచి కోసం మాత్రమే కాదు. రాగుల్లో ఫైటిక్ ఆమ్లం అనే పదార్థం ఇనుమును, కాల్షియాన్ని పట్టి ఉంచి ఒంటికి సరిగా అందనివ్వదు. లాక్టిక్ ఆమ్లపు సూక్ష్మజీవులు పిండిని పులియబెట్టేటప్పుడు అది తగ్గుతుంది. ఆ పులుపులో హాని చేసే సూక్ష్మజీవులు పెరగడమూ కష్టమే.

కొందరు రాత్రే అంబలి కాచి, అలాగే బయట ఉంచి పొద్దున మజ్జిగ కలుపుతారు. నేను ఆ పద్ధతి సలహా ఇవ్వను. కాచిన పిండిపదార్థం పులుపెక్కకముందే వేసవి రాత్రి వేడిలో గంటల తరబడి ఉంటే అందులో విషం పుట్టించే బాక్టీరియా పెరిగే అవకాశం ఉంది. పచ్చి పిండిని పులియబెట్టి పొద్దున కాచుకుంటే ఆ బెంగ ఉండదు. పొద్దున అస్సలు వీలుకానివారు రాత్రి కాచి, చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు.

తెల్లవారుజామున: కాచడం

ఇక్కడ అసలు పని పదిహేను నిమిషాలే. కాకపోతే పక్కనే ఉండాలి.

మందపాటి గిన్నెలో 600 మిల్లీలీటర్ల నీళ్లు పోసి పొయ్యి మీద పెట్టండి. నీళ్లు తెర్లడం మొదలవగానే మంట తగ్గించండి. పులిసిన పిండిలో నుంచి రేపటి తోడు కోసం ఒక చెంచా తీసి పక్కన పెట్టి, మిగతాది అడుగు దాకా బాగా కలియబెట్టండి. ఒక చేత్తో సన్నని ధారగా పోస్తూ రెండో చేత్తో తెడ్డు తిప్పుతూ ఉండాలి. గలగల మరిగే నీళ్లలో ఒక్కసారిగా కుమ్మరిస్తే పైపొర ఉడికి లోపల పచ్చిగా మిగిలిన ఉండలు కడతాయి. అలా కట్టిన ఉండలను తర్వాత ఎంత చిదిమినా అంబలి సాఫుగా రాదు.

మంట సన్నగానే ఉంచి ఎనిమిది నుంచి పది నిమిషాలు కాచండి. మొదటి మూడు నిమిషాలు తెడ్డు ఆపవద్దు, అప్పుడే అడుగంటేది. లేత బూడిద రంగు మెల్లగా ముదురుతుంది, పచ్చి పిండి వాసన పోయి కమ్మని వాసన వస్తుంది, కుతకుతమని చిన్న బుడగలు లేస్తాయి. అంబలి మీద సన్నని మెరుపు కనబడితే ఉడికినట్టు. ఐదు నిమిషాలకే దించేస్తే కడుపు ఉబ్బరం చేస్తుంది, తొందర పడవద్దు.

ఈ దశలో అది జావలా చిక్కగా కనిపిస్తుంది. కంగారు అక్కరలేదు, నీళ్లు ఇంకా ఉన్నాయి.

చల్లార్చి పలుచన చేయడం

దించిన వెంటనే 400 మిల్లీలీటర్ల కుండ నీళ్లు పోసి కలపండి. ఒకేసారి రెండు పనులు జరుగుతాయి: వేడి కొంత తగ్గుతుంది, అంబలి పలుచబడుతుంది. వేడి అంబలిని వదిలేసి చల్లారేదాకా కూర్చుంటే పైన తెట్టు కడుతుంది, కింద గడ్డ కడుతుంది. పనికి వెళ్లేవారికి అంత సమయమూ ఉండదు. అంబలి గిన్నెను వెడల్పాటి పళ్లెంలో చన్నీళ్ల మధ్య పెట్టి కాసేపు తిప్పితే పది నిమిషాల్లో గోరువెచ్చగా అవుతుంది.

ఈ చివరి నీళ్లు పొయ్యి ఎక్కవు. కాబట్టి అవి నేరుగా తాగదగిన నీళ్లే కావాలి. బావి నీళ్లయితే ముందే మరగకాచి చల్లార్చి కుండలో పోసుకోవాలి.

మజ్జిగ కలిపేది అంబలి గోరువెచ్చగా అయ్యాకే. వేడి మీద పోస్తే పెరుగు విరిగి పలుకులు తేలుతుంది. పెరుగులో 300 మిల్లీలీటర్ల నీళ్లు పోసి కవ్వంతో చిలికి, పైకి తేలిన వెన్న తీసి, అంబలిలో కలపండి. ఉప్పు మజ్జిగలోనే కరిగించి పోస్తే అంతటా సమానంగా కలుస్తుంది. దంచిన జీలకర్ర, తుంచిన కరివేపాకు వేసి రెండు మూడు సార్లు పైనుంచి తిరగబోయండి.

చిక్కదనం సరిపోయిందా లేదా అని చూడటానికి గ్లాసు వంచితే చాలు. నీళ్లలా జారిపోయి, గ్లాసు గోడకు సన్నని పొర మాత్రమే మిగలాలి. బద్ధకంగా జారితే ఇంకో అర గ్లాసు నీళ్లు పోయండి. చెంచాతో తినాలనిపించే అంబలి దాహం తీర్చదు.

ఉప్పు ఎవరికి ఎంత

అంబలిలో ఎక్కువ జాగ్రత్త కావలసినది ఉప్పు విషయంలోనే. పై కొలతకు అర చదును టీస్పూను ఉప్పు వేస్తే లీటరున్నరకు సుమారు మూడు గ్రాములు, మనిషికి ముప్పావు గ్రాము పడుతుంది. గంటల తరబడి ఎండలో ఒళ్లు వంచేవారికి అది తగిన మోతాదు. నీడ పట్టున కూర్చుని పనిచేసేవారికి, ఇంట్లో ఉండేవారికి పావు టీస్పూను చాలు. పెద్దవారికి రోజు మొత్తానికి ఐదు గ్రాములకు మించి ఉప్పు వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మన ఊరగాయలు, పచ్చళ్లు, ఎండుచేపల మధ్య ఆ గీత ఎప్పుడు దాటామో కూడా తెలియదు. అందుకే అంబలిలోకి ఊరమిరపకాయో ఆవకాయ బద్దో నంజుకునేవారు గిన్నెలో ఉప్పు సగానికి తగ్గించండి. రుచి ఆ ముక్కే ఇస్తుంది.

ఊరును బట్టి కూడా ఆలోచించాలి. మైపాడు, కొత్తపట్నం వంటి తీరపు ఊళ్లలో గాలి నిండా తేమ. చెమట కారుతుంది కానీ ఆరదు. నీరూ ఉప్పూ పోతాయి, ఒళ్లు మాత్రం చల్లబడదు. పడమర కనిగిరి, పొదిలి, మార్కాపురం వైపు మెట్ట గాలి పొడిగా ఉంటుంది. చెమట పుట్టింది పుట్టినట్టే ఆరిపోతుంది, చొక్కా తడవదు. నాకు చెమటే పట్టలేదు అనుకునే మనిషి సాయంత్రానికి చొక్కా మీద తెల్లని ఉప్పు చారలు చూసుకుంటాడు. తీరంలో ఉన్నవారు నీడలో విశ్రాంతి పెంచుకోవాలి. మెట్టలో ఉన్నవారు దాహం వేయకపోయినా గడియారం చూసి తాగాలి.

తాగే సమయం, ఆ తర్వాత

నిద్ర లేవగానే ఒక గ్లాసు మామూలు నీళ్లు, ముఖం కడుక్కున్నాక అంబలి. బయలుదేరడానికి అరగంట ముందే తాగితే దారిలో ఇబ్బంది ఉండదు. ఒక్క గుక్కలో దించేయకుండా నాలుగైదు నిమిషాలు తీసుకోండి. కాఫీ, టీ అలవాటున్నవారు మానక్కరలేదు. అంబలికీ కాఫీకీ మధ్య గంట ఎడం ఉంచండి, లేకపోతే రాగుల్లోని ఇనుము ఒంటికి పట్టడం తగ్గుతుంది.

ఒక్క గ్లాసు అంబలి రోజంతటికీ సరిపోదు. వేడిలో బరువు పని చేసేవారు ప్రతి పదిహేను ఇరవై నిమిషాలకు ఒక గ్లాసు నీళ్లు తాగాలి. గంటకు లీటరున్నర మించి మాత్రం వద్దు. అంతకన్నా ఎక్కువ నీళ్లు పోసుకుంటే రక్తంలో సోడియం పలుచబడి అదో ప్రమాదం. మధ్యాహ్నానికి మూత్రం లేత పసుపులో ఉంటే సరిపడా తాగుతున్నట్టు.

పొలానికి పట్టుకెళ్లాలంటే మజ్జిగ కలపని అంబలిని స్టీలు క్యానులో పోసి, మజ్జిగ వేరే సీసాలో తీసుకెళ్లి అక్కడే కలుపుకోండి. క్యాను చుట్టూ తడిగుడ్డ చుట్టి చెట్టు నీడలో గాలి తగిలేలా పెట్టాలి. మెట్ట ఊళ్లలో ఈ తడిగుడ్డ, మట్టి కుండ బాగా చల్లబరుస్తాయి. తీరంలో తేమ గాలికి అంత చలువ రాదు. ఎలా పట్టుకెళ్లినా పదిన్నర పదకొండు లోపు తాగేయాలి. మధ్యాహ్నం దాకా ఉంచిన అంబలి పారబోయండి.

మీ ఊరి నీళ్లు

ఉమ్మడి ప్రకాశం జిల్లాలో కనిగిరి చుట్టుపక్కల, నెల్లూరు జిల్లాలో ఉదయగిరి వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సమస్య ఉన్న ఊళ్లు ఉన్నాయి. భారతీయ ప్రమాణాల ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే నీరు దొరకని చోట ఒకటిన్నర వరకు. మరగకాస్తే ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరైన కొద్దీ దాని గాఢత పెరుగుతుంది. అలాంటి ఊళ్లలో అంబలికి పోసే ప్రతి చుక్కా, పిండి నానబెట్టే నీళ్లతో సహా, శుద్ధి చేసిన నీరో రక్షిత పథకం నీరో కావాలి. తాగడానికి క్యాను నీళ్లు, వంటకు బోరు నీళ్లు అని విడదీసే ఇళ్లు చాలా ఉన్నాయి. అంబలి విషయంలో ఆ విభజన పనికిరాదు, అందులో తొంభై పాళ్లు నీళ్లే.

సముద్రపు ఒడ్డు ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. అవి పోసి కాస్తే ఉప్పు లెక్క చెదురుతుంది, పైగా పెరుగు రుచి కూడా పాడవుతుంది.

పెరుగు లేని రోజు, కొన్ని మార్పులు

పెరుగు లేకపోతే నిమ్మకాయ. పొదలకూరు, గూడూరు నిమ్మతోటల నేల మీద ఉన్నవారికి ఇది చెప్పనక్కరలేదు. మజ్జిగ బదులు అంతే కొలత మంచినీళ్లు పోసి, పూర్తిగా చల్లారాక రెండు కాయలు పిండండి. వేడి మీద పిండితే చేదెక్కుతుంది, సి విటమిన్ కూడా పోతుంది. నిమ్మ పులుపు రాగుల్లోని ఇనుము ఒంటికి పట్టడానికి సాయం చేస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో కాయ ధర చెట్టెక్కి కూర్చుంటుంది కాబట్టి ఆ రోజుల్లో మజ్జిగే ఇంటికి చవక.

పిల్లలకు పులుపు నచ్చకపోతే మజ్జిగ తగ్గించి, గ్లాసుకు ఒక చిన్న చెంచా బెల్లం తురుము కలపండి, అంతకు మించవద్దు. రాగులు దొరకని చోట జొన్న పిండి, సజ్జ పిండి ఇదే కొలతతో వాడవచ్చు. సజ్జ పిండి త్వరగా చేదెక్కుతుంది, అప్పటికప్పుడు పట్టించింది కావాలి. పొయ్యి వెలిగించే వ్యవధే లేని రోజు, పులుపెక్కని పెరుగును నాలుగింతల నీళ్లతో చిలికి ఉప్పు, అల్లం వేసుకుని తాగి వెళ్లండి. ఏమీ తాగకుండా వెళ్లడం మాత్రం వద్దు.

ఎవరు ఆలోచించి తాగాలి

మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి ఉప్పు, పొటాషియం, రోజు మొత్తం తాగే నీరు అన్నీ వైద్యుడు చెప్పిన లెక్కలోనే ఉండాలి. రాగుల్లోనూ మజ్జిగలోనూ పొటాషియం ఉంది, అడగకుండా మొదలుపెట్టవద్దు. గుండె నీరసపడి నీళ్లు తగ్గించమన్నవారికీ అంతే. రక్తపోటు ఉన్నవారు ఉప్పు లేకుండా జీలకర్ర, అల్లం రుచితో తాగవచ్చు. మధుమేహం ఉన్నవారు అంబలిలో చక్కెర ఉండదులే అనుకోవద్దు. పలుచని పిండి త్వరగా అరిగి రక్తంలో చక్కెరను పెంచుతుంది. బెల్లం లేకుండా, మజ్జిగ ఎక్కువగా, టిఫిన్‌లో భాగంగా లెక్కపెట్టుకుని తాగాలి. ఆరు నెలల లోపు పసిబిడ్డలకు తల్లిపాలు తప్ప అంబలి కాదు కదా, నీళ్లు కూడా వద్దు.

ఇంట్లో పెద్దవారిని ప్రత్యేకంగా చూడాలి. వయసు పెరిగిన కొద్దీ దాహం తెలియడం తగ్గుతుంది. "నాకు దాహం లేదు నాయనా" అన్న మాట నమ్మి ఊరుకోకుండా గ్లాసు చేతికి ఇచ్చి తాగేదాకా పక్కన కూర్చోండి.

ఎండలో ఎవరికైనా మాట తడబడినా, స్పృహ తప్పినా, ఒళ్లు కాలిపోతున్నా అది వడదెబ్బ. అప్పుడు నోట్లో అంబలి గానీ నీళ్లు గానీ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా చన్నీళ్లతో తడుపుతూ విసరాలి, వెంటనే 108కు ఫోను చేయాలి.

ముంత, తోడు

పక్కన పెట్టిన తోడు చెంచాను చిన్న గిన్నెలో మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి, రాత్రికి మళ్లీ పనికొస్తుంది. వారం పది రోజులకు ఒకసారి పాత తోడు వదిలేసి మజ్జిగతో కొత్తగా మొదలుపెడితే పులుపు హద్దులో ఉంటుంది. ముంతను సబ్బుతో తోమవద్దు, మట్టి ఆ వాసన పీల్చుకుంటుంది. కొబ్బరి పీచుతో రుద్ది, మరిగే నీళ్లు పోసి కడిగి, మధ్యాహ్నం ఎండలో బోర్లించి, పూర్తిగా ఆరాకే రాత్రి పిండి కలపండి.